కుట్లు వేసే ముందే ఒకసారి లోపలికి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడే ఆడవాళ్ళ బాధ గురించి ఇటీవల మీ ఆరోగ్యం పేజీలో ఒక వ్యాసం వచ్చింది. ఇలాంటి విషయం మీద తెలుగులో ఇంత విప్పి రాసినది నేను చూడడం ఇదే మొదటిసారి. ముందుగా అందుకు మీకు కృతజ్ఞతలు. వ్యాసం కత్తిరించి దాచుకున్నాను. అరగంట ఆపరేషన్ అనీ, మూత్రనాళం కింద సన్నటి టేపు ఒకటి ఉయ్యాలలా అమరుస్తారనీ, మర్నాడే ఇంటికి వెళ్ళిపోవచ్చనీ అందులో ఉంది. అవన్నీ నిజమే. కానీ ఒక వాక్యం కోసం ఆ వ్యాసం మూడుసార్లు చదివాను, కనిపించలేదు. టేపు వేసేటప్పుడే, కుట్లు వేయకముందు, మూత్రసంచి లోపలికి కెమెరా గొట్టం పంపి ఎక్కడా గాయం కాలేదని చూసుకోవాలి. ఆ వాక్యం లేదు. నా ఆపరేషన్‌లోనూ అదే జరగలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను చెన్నై విల్లివాక్కంలో ఉంటాను. మా తాతల నాటి నుంచీ ఇక్కడే. 1985లో పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో చేరి, తనిఖీ విభాగం ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి, 2023లో రిటైరయ్యాను. మొదటి వందే భారత్ రైలు తయారైంది మా కర్మాగారంలోనే. నా పని తనిఖీ కాగితాలు టైపు చేయడం. పెట్టె ఎంత అందంగా తయారైనా నీళ్ళ పరీక్ష కాకుండా గేటు దాటదు. పైనుంచీ పక్కలనుంచీ వానలాగా నీళ్ళు చిమ్ముతుంటే, లోపల మనిషి టార్చి పట్టుకుని కిటికీల రబ్బరూ కప్పు అతుకులూ వెతుకుతాడు. చెమ్మ తగిలితే పెట్టె వెనక్కి వెళుతుంది, తగలకపోతే సంతకం పడుతుంది. ముప్పై ఏళ్ళు చెయ్యి తిరిగిన వెల్డరు అతుకు వేసినా పరీక్ష తప్పదు. ఆ వెల్డరు కూడా దాన్ని అవమానం అనుకోడు. అలాంటి కాగితాలు కొన్ని వేలు నా చేతి మీదుగా వెళ్ళాయి. నా ఒంటి విషయంలో మాత్రం ఆ ఒక్క ప్రశ్న అడగాలని నాకు తోచలేదు.

నాకు ఇద్దరు పిల్లలు. రెండోవాడు బరువైన బిడ్డ, పటకారు వేసి తీశారు. నలభై అయిదు దాటాక బాధ మొదలైంది. మొదట్లో జలుబు చేసినప్పుడు మాత్రమే. తర్వాత బకెట్టు ఎత్తినా, గట్టిగా నవ్వినా, ఎలక్ట్రిక్ రైలు మెట్టు ఎక్కినా చుక్కలు పడేవి. తుమ్ము వస్తుందనిపిస్తే నిలబడ్డచోటే కాళ్ళు మెలివేసుకునేదాన్ని. ఆఫీసు సంచిలో ఒక లంగా, రెండు మడతల పాత నూలుగుడ్డ, ఒక ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ ఉండేవి. ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. మా అమ్మాయి తన పెళ్ళికి నాకు లేత పసుపు పట్టుచీర కొనిపెట్టింది, అది బీరువాలోనే ఉండిపోయింది. చెన్నై మే నెల ఎండలో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు వరకు ఒక్క గ్లాసు నీళ్ళతో గడిపిన రోజులు ఎన్నో. తిరుమల క్యూలో అన్ని గంటలు నిలబడలేక, మోకాళ్ళ నొప్పులని ఇంట్లో అబద్ధం చెప్పి రెండుసార్లు ప్రయాణం మానుకున్నాను. మా వారికి కూడా అసలు సంగతి పన్నెండేళ్ళు చెప్పలేదు. ఇదేమీ నా ఒక్కదాని కథ కాదు. మా వీధిలో నేను నోరు విప్పిన తర్వాత నలుగురు వచ్చి తమ సంగతీ ఇదే అన్నారు.

2022 జనవరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నాను. ఆసుపత్రి పేరు రాయను. పేరుతో తీరే సంగతి కాదిది. ఆ టేపు ఉయ్యాలనే స్లింగ్ అంటారు. వాటిలో రెండు రకాలు, నాకు వేసింది మొదటి రకం. స్వీడన్ దేశపు డాక్టర్ ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1990లలో రూపొందించిన పద్ధతి అది. యోని ముందు గోడలో చిన్న గాటు పెట్టి, మూత్రనాళానికి అటొకటీ ఇటొకటీ రెండు వంపు సూదులను జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఎముక) వెనక నుంచి పైకి పంపి, పొత్తికడుపు కింద రెండు చిన్న రంధ్రాల్లోంచి బయటికి తీస్తారు. వాటి వెంట సెంటీమీటరు వెడల్పు ఉండే పాలీప్రొపిలీన్ జాలీ టేపు వస్తుంది. ఆ ఎముకకీ మూత్రసంచికీ మధ్య చోటు చాలా తక్కువ. సూది వెళ్ళే దారి డాక్టరు కంటికి కనిపించదు, చేతి స్పర్శను బట్టే పంపాలి. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే: మర్నాడు మూత్రం పోయే గొట్టం తీశారు, మూత్రం సాఫీగా వచ్చింది, దగ్గి చూపించమన్నారు, దగ్గాను, చుక్క పడలేదు. ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఏడ్చేశాను.

నాలుగు నెలలు నిజంగా సంతోషంగా గడిచాయి. ఆ లేత పసుపు చీర కట్టుకుని మనవరాలి చెవులు కుట్టే వేడుకకు వెళ్ళాను.

అయిదో నెలలో మంట మొదలైంది. మూత్రానికి వెళ్ళేటప్పుడు కాదు, అయిపోయే చివరి క్షణంలో, లోపల ఏదో గీరుకున్నట్టు. పరీక్ష చేస్తే ఇన్ఫెక్షన్ అన్నారు. అయిదు రోజులు యాంటీబయాటిక్, తగ్గింది. మూడు వారాలకు మళ్ళీ వచ్చింది. మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్ష, మందు మార్పు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. నెలసరి ఆగిపోయిన వయసులో ఇది మామూలే అన్నారు ఒకచోట. నీళ్ళు సరిగా తాగడం లేదన్నారు మరొకచోట. బార్లీ నీళ్ళు తాగాను, పల్లేరు కషాయం తాగాను. రాత్రి ఆరుసార్లు లేచేదాన్ని. ఒకసారి దీపావళి ముందురోజు మూత్రం లేత గులాబీ రంగులో వచ్చింది. అప్పుడు స్కానింగ్ తీస్తే మూత్రసంచిలో చిన్న రాయి ఉందన్నారు. దానికీ నీళ్ళు తాగమనే చెప్పారు. ఏడాది కిందట అక్కడ టేపు వేశారని ప్రతిచోటా నేను చెబుతూనే ఉన్నాను. ఆ రెండింటినీ కలిపి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

కిడ్నీలో రాయి ఎవరికైనా రావచ్చు. ఆడవాళ్ళకు మూత్రసంచిలో రాయి రావడం మాత్రం అంత మామూలు సంగతి కాదు. మగవాళ్ళకైతే ప్రోస్టేటు అడ్డుపడి మూత్రం నిలిచిపోయి కడుతుంది. స్లింగ్ వేయించుకున్న మనిషి మూత్రసంచిలో రాయి కనిపిస్తే, అది దేన్ని పట్టుకుని పెరిగిందో ముందు వెతకాలి. ఈ ముక్క నాకు చెప్పింది ఒక ప్రభుత్వ ఆసుపత్రి యూరాలజీ (మూత్ర వ్యాధుల) విభాగంలో మా అమ్మాయి వయసున్న డాక్టరమ్మ. 2023 జూన్‌లో, ఓపీ చీటీ పట్టుకుని మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాక ఆమె నన్ను లోపలికి పిలిచారు. నా కాగితాల కట్ట మొదటి నుంచి చివరి వరకు తిప్పి, అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆపరేషన్ రోజున కెమెరాతో లోపల చూశారా అమ్మా?" నాకు తెలియదన్నాను. "ఈ కాగితాల్లో లేదు. ఇప్పుడు మనం చూద్దాం" అన్నారు.

మత్తు ఇవ్వలేదు. మొద్దుబారే జెల్ వేసి, సన్నటి గొట్టం పంపారు. తెర నా వైపు తిప్పమని నేనే అడిగాను. మూత్రసంచిలోకి సెలైన్ ఎక్కుతుంటే, ముడతలు విప్పుకుంటూ గులాబీ రంగు గోడ, దాని మీద వెంట్రుకల్లాంటి ఎర్రటి రక్తనాళాలు కనిపించాయి. శుభ్రంగా, అందంగా ఉంది. గొట్టం ఎడమ పక్కకు, కొంచెం పైకి తిరిగింది. అక్కడ ఉంది అది. గోడలోంచి బయటపడి, ఒక అంగుళం పొడవున సంచిలో వేలాడుతూ, మళ్ళీ గోడలోకి దూరిపోయిన నీలం రంగు జాలీ. బట్ట మీద సూది ఇటు దిగి అటు లేచినట్టే ఉంది. దాని మీద పసుపు కలిసిన తెలుపు రంగులో గట్టిగా పేరుకున్న పొర. బోరు నీళ్ళ బకెట్టులో వేసే హీటరు కడ్డీని మా ఇంట్లో నెలకొకసారి చింతపండు పెట్టి తోముతాను. అచ్చం ఆ కడ్డీ మీది గారలాగే ఉంది. సెలైన్ కదిలినప్పుడల్లా జాలీ దారపు పోగులు రెండు అటూ ఇటూ ఊగుతున్నాయి. పద్నాలుగు నెలలుగా లోపల గీరినది అదే. గదిలో ఎవరూ మాట్లాడలేదు. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మీ తప్పు ఏమీ లేదమ్మా, నీళ్ళు తాగకపోవడం వల్ల వచ్చింది కాదు" అన్నారు. ఆ మాట కోసం నేను ఎంతమంది దగ్గరికి తిరిగానో ఆమెకు తెలియదు.

సూది వెళ్ళేటప్పుడు మూత్రసంచి గోడకు తగిలి లోపలి నుంచి దూసుకుపోవడం అపురూపమైన ప్రమాదం కాదు. అమెరికాలో రెండు రకాల స్లింగ్‌లనూ పోల్చిన పెద్ద పరిశీలన ఒకటి 2010లో వచ్చింది. అందులో 597 మంది ఆడవాళ్ళు ఉన్నారు. నాకు చేసినట్టు ఎముక వెనక నుంచి పైకి సూది పంపిన సగం మందిలో, అంటే సుమారు 300 మందిలో, 15 మందికి మూత్రసంచికి రంధ్రం పడింది. ఇరవై మందికి ఒకరు చొప్పున. తొడల పక్కగా సూది పంపే రెండో రకంలో ఒక్కరికీ పడలేదు. ఆ రెండో రకం 2001లో వచ్చింది. అందులో ఈ ప్రమాదం చాలా తక్కువే కానీ బొత్తిగా లేదని కాదు, అక్కడ మూత్రనాళానికే గాయం అయ్యే సందర్భాలూ ఉన్నాయి. మొదటి రకం చెడ్డదనీ నేను అనడం లేదు. రెండో రకంలో తొడ నొప్పి, తిమ్మిరి ఎక్కువగా రావచ్చు. ఏది ఎవరికి నప్పుతుందో డాక్టరు చూసి చెప్పాలి.

నేను చెప్పదలచుకున్నది వేరు. మంచి డాక్టర్ల చేతుల్లో కూడా రంధ్రం పడుతుంది. పడిన రోజునే కనిపెడితే అది దాదాపు ఏమీ కాదు. ఆ డాక్టరమ్మ నాకు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. సూదులు రెండూ ఇంకా ఒంట్లో ఉండగానే మూత్రసంచిని సెలైన్‌తో బాగా నింపుతారు. సగం నింపితే గోడ ముడతల్లో సూది దాక్కుంటుంది. తర్వాత నేరుగా చూసే కటకం కాకుండా, 70 డిగ్రీల కోణంలో పక్కకి చూసే కటకం ఉన్న గొట్టం పంపి గోడంతా చుట్టి చూస్తారు. మూత్రసంచిని గడియారం ముఖం అనుకుంటే పదీ పదకొండు అంకెల దగ్గరా, ఒకటీ రెండు అంకెల దగ్గరా ఆగి మరీ చూడాలి. సూది తగిలితే ఎక్కువగా తగిలేది ఆ చోట్లే. లోహం మెరిసిందా, సూది వెనక్కి లాగి, కొంచెం పక్కగా మళ్ళీ పంపి, మళ్ళీ చూడాలి. మూత్రం పోయే గొట్టం కొద్ది రోజులు ఎక్కువ ఉంచితే చిన్న రంధ్రం తనంతట తానే మానిపోతుంది, కుట్టు కూడా అక్కర్లేదు. కెమెరా గొట్టం బయటికి తీసేటప్పుడు మూత్రనాళం కూడా చూసుకుంటూ రావాలి. ఇదంతా కలిపి కొద్ది నిమిషాల పని.

చూడకపోతే ఏమవుతుందో తెర మీద చూశాను. సూది పోతుంది, దాని వెంట వచ్చిన టేపు అక్కడే ఉండిపోతుంది. ఎప్పుడూ మూత్రంలో నానే ప్లాస్టిక్ జాలీ మీద ఉప్పు పేరుకుని రాయి కడుతుంది, క్రిములు గూడు కట్టుకుంటాయి. ఏ యాంటీబయాటిక్ ఆ గూటిని కదిలించలేదు. పైన ఉన్నవి చస్తాయి, మూడు వారాలకు మళ్ళీ పుడతాయి. నా కల్చర్ రిపోర్టులన్నీ వరసగా పెట్టి చూస్తే ఇప్పుడు ఆ లెక్క తేలిగ్గా అర్థమవుతోంది.

ఆగస్టులో నాకు వెన్నులో మత్తు ఇచ్చి, లేజరుతో రాయి పగలగొట్టి, గోడ అంచు వరకు టేపును కత్తిరించి తీశారు. వారం రోజులు గొట్టంతో ఉన్నాను. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తే గోడ పూడుకుపోయింది. మంట పోయింది. రాత్రి ఒక్కసారి మాత్రమే లేస్తున్నాను. కానీ టేపు తెగింది కదా, దగ్గితే పడే చుక్కలు కొంత తిరిగి వచ్చాయి. మునుపంత కాదు. మూత్రాన్ని ఆపే కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు చేస్తున్నాను.

తర్వాత మొదటి ఆసుపత్రికి వెళ్ళి నా ఆపరేషన్ రికార్డు నకలు అడిగి తీసుకున్నాను. అడిగితే ఇవ్వాల్సిన కాగితమే అది, ఇచ్చారు. ఏ సూది వాడారు, టేపు పెట్టె మీది నంబరు ఏమిటి, రక్తం ఎంత పోయింది, కుట్టుకు ఏ దారం, అన్నీ ఉన్నాయి. సిస్టోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో మూత్రసంచి లోపల చూడడం, అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు గారిని కలిశాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. గొట్టంలో వచ్చిన మూత్రం తేటగా ఉంది కాబట్టి అనుమానం రాలేదన్నారు. చెయ్యి తిరిగిన పనే కదా అన్నారు. తన ఆపరేషన్లలో ఇలా జరిగినట్టు తెలియదన్నారు.

ఈ మూడు మాటల గురించీ నేను చాలా రాత్రులు ఆలోచించాను. తేటగా ఉన్న మూత్రం సాక్ష్యం కాదు. సూదే రంధ్రాన్ని బిరడాలాగా మూసి ఉంచితే రక్తం రాకపోవచ్చు. అది ఆ డాక్టరమ్మా చెప్పారు, నా ఒళ్ళూ చెప్పింది. చెయ్యి తిరగడం సంగతి మా వెల్డర్లను చూసినదాన్ని, నాకు తెలుసు. ఇక తనకు తెలియదన్న మాట. నాకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు నేను వెళ్ళింది ఆయన దగ్గరికి కాదు, వీధి చివర క్లినిక్కుకు. రాయి కనిపించినప్పుడు మరొక డాక్టరు దగ్గరికి. టేపు బయటపడింది ఇంకొకరి దగ్గర. నేను వెళ్ళి చెప్పకపోతే ఆయన లెక్కలో నేను నయమైన మనిషినే. ఆయన అబద్ధం ఆడారని నేను అనుకోవడం లేదు. చూడనివారికి తెలిసే దారి లేదు. అందుకే చూడాలంటున్నాను.

అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు కూడా స్లింగ్ ఆపరేషన్ సమయంలోనే సిస్టోస్కోపీ చేయాలని చెబుతాయి. మన దగ్గర ఈ ఆపరేషన్ యూరాలజీ డాక్టర్లూ చేస్తారు, స్త్రీల వైద్యులూ చేస్తారు. కెమెరా గొట్టం వాడటం యూరాలజీ వారికి రోజువారీ పని. స్త్రీల వైద్యుల్లో కొందరికి ఆ అలవాటు ఉంటుంది, కొందరికి ఉండదు. లేకపోవడం నేరం కాదు. నాకు ఆపరేషన్ జరిగిన భవనంలో అదే అంతస్తులో యూరాలజీ విభాగం ఉంది. పది నిమిషాల కోసం ఒకరిని పిలిపిస్తే సరిపోయేది. ఆ పది నిమిషాలు మిగిల్చుకున్నందుకు నా జీవితంలో పద్నాలుగు నెలలు పోయాయి. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తోంది. ఆ కోపం దాచుకోవాలని కూడా నాకు లేదు.

నా కథ చదివి ఎవరూ ఆపరేషన్ మానుకోవద్దు. ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడింది ఆ భయంతోనే. జాలీల మీద ప్రపంచమంతా పెద్ద గొడవ జరిగింది, నిజమే. 2018లో బ్రిటన్ ఈ టేపు ఆపరేషన్లను కూడా ఆపి ఉంచింది. 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ గర్భసంచి, మూత్రసంచి జారినప్పుడు యోని మార్గంలో వేసే పెద్ద జాలీల అమ్మకాన్ని నిలిపివేసింది. దగ్గితే పడే చుక్కల కోసం వేసే సన్నటి టేపును మాత్రం ఆ ఉత్తర్వులో చేర్చలేదు. వార్తల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోయి, అవసరం ఉన్నవాళ్ళు కూడా బెదిరిపోతున్నారు. టేపు సరైన చోట ఉన్నప్పుడు ఎంత హాయిగా ఉంటుందో ఆ నాలుగు నెలలూ నేను అనుభవించాను. జాలీ ఇష్టం లేనివాళ్ళకు పొట్ట కండరాల మీది సొంత పొరనే పట్టీగా తీసి వేసే పద్ధతీ ఉంది. దానికి కొంచెం పెద్ద గాటు కావాలి. అన్నిటికంటే ముందు వ్యాయామాలు. రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, నేర్పేవారి దగ్గర సరిగా నేర్చుకుని మూడు నెలలు చేసి చూడమంటారు. నాకు ఆపరేషన్‌కు ముందు ఇవి ఎవరూ నేర్పలేదు. కాగితం ఒకటి చేతిలో పెట్టారు, అంతే.

ఇప్పుడు మా ఎదురింటి ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ అయనావరం మార్కెట్టులో పూలు కడుతుంది, నన్ను అక్కా అంటుంది. పూల బుట్ట తలకెత్తుకున్నప్పుడల్లా తనకూ ఇదే బాధ. వ్యాయామాలతో తగ్గలేదు. నా సంగతంతా విన్నాక కూడా ఆపరేషన్‌కే సిద్ధపడింది, నాకది నచ్చింది. చదువు లేదు, తెలుగూ తమిళమూ మాట్లాడుతుంది కానీ చదవలేదు. ఆసుపత్రిలో ఇచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. నాకంటే ఇంగ్లీషు టైపు కొట్టిన అలవాటు ఉంది, ఏడాదిన్నర ఆలస్యంగానైనా నా కాగితం నేను చదువుకున్నాను. ఆవిడకు ఎవరు చదివి చెబుతారు?

ఆపరేషన్‌కు వారం ముందు నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు గారిని అడగవలసినవి తమిళంలో ఒక చీటీ మీద రాసి ఇచ్చాను, ఆవిడ కొడుకు చదివి అడిగాడు. ఏ రకం స్లింగ్ వేస్తున్నారు? టేపు వేసేటప్పుడే సిస్టోస్కోపీతో మూత్రసంచీ మూత్రనాళమూ చూస్తారా? చూసినదీ, ఏమి కనిపించిందీ డిశ్చార్జి కాగితంలో రాస్తారా? ఆ డాక్టరు గారు విసుక్కుంటారేమోనని నా గుండె కొట్టుకుంది. ఆయన విసుక్కోలేదు. "ప్రతి ఒక్కరికీ చూస్తాం, మీరు అడగడం మంచిదే" అన్నారు. ఆపరేషన్ రోజు సాయంత్రం ఆయనే బయటికి వచ్చి, కుడివైపు మొదటిసారి సూది కొంచెం తగిలిందనీ, వెంటనే చూసి వెనక్కి తీసి సరిగా వేశామనీ, గొట్టం మర్నాడే తీయకుండా మూడు రోజులు ఉంచుతామనీ చెప్పారు. ఆవిడ కొడుకు భయపడ్డాడు. నాకు మాత్రం ఆ మాట వినగానే చేతులు రెండూ జోడించబుద్ధి అయింది. మూడు రోజులకు గొట్టం తీశారు. మూత్రం సాఫీగా వచ్చిందా, పోసిన తర్వాత లోపల ఎంత మిగిలింది అన్నదీ కొలిచి చూశారు. నెలా పదిహేను రోజులకు మళ్ళీ బుట్ట ఎత్తుకుంది. ఏడాది దాటింది, ఒక్కసారి కూడా మంట అనలేదు. ఒకే రకం సూది నాకూ తగిలింది, ఆవిడకూ తగిలింది.

ఇప్పటికే ఆపరేషన్ అయిపోయినవాళ్ళకు ఒక మాట. హాయిగా ఉంటే అనవసరంగా కంగారు పడకండి. కానీ ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తున్నా, మూత్రంలో రక్తం కనిపించినా, ముందు లేని తొందర, మంట, పొత్తికడుపు నొప్పి పట్టుకున్నా, స్కానింగ్‌లో మూత్రసంచిలో రాయి ఉందన్నా, బార్లీ నీళ్ళతో సరిపెట్టుకోకండి. యూరాలజీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, నాకు ఫలానా సంవత్సరం టేపు వేశారు, కెమెరాతో ఒకసారి లోపల చూడండి అని అడగండి. ఆ మాట మనమే అడగాలి. అయిదేళ్ళు గడిచిపోయాయి కదా, ఇప్పుడు దానికీ దీనికీ సంబంధం ఏమిటి అనుకోవద్దు. టేపు వేసిన రోజు బాగానే ఉండి, కొన్నేళ్ళకు మెల్లగా గోడను కోసుకుంటూ లోపలికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయని ఆ డాక్టరమ్మ చెప్పారు. గర్భసంచి తీసే ఆపరేషన్‌తో కలిపి స్లింగ్ వేయించుకునేవారు మరొకటి కూడా అడగాలి. ఆ ఆపరేషన్‌లో కిడ్నీల నుంచి మూత్రసంచికి దిగే గొట్టాలకు దెబ్బ తగలవచ్చు. అదే కెమెరాతో రెండు వైపుల రంధ్రాల నుంచీ మూత్రం చిమ్ముతోందా అని చూస్తారు. బాగా కనిపించడానికి ఒక్కొక్కప్పుడు రంగు మందు ఎక్కిస్తారు.

సంపాదకులు గారూ, ఆ వ్యాసం రాసిన డాక్టరు గారికి నా ఉత్తరం చేర్చండి. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈసారి ఈ విషయం మీద రాసినప్పుడు ఈ పరీక్ష గురించి కూడా రాయమని, అదీ తెలుగులో, మా ఎదురింటి ఆవిడకు కొడుకు చదివి వినిపిస్తే అర్థమయ్యే మాటల్లో రాయమని నా మనవి. ఆవిడ డిశ్చార్జి కాగితంలో ఆ డాక్టరు గారు రాసిన వరుసలను నేను తెలుగులోకి మార్చి కింద ఇస్తున్నాను, ఎలా రాయాలో చూపించడానికి.

"సూదులు పంపిన తర్వాత మూత్రసంచిని నింపి, 70 డిగ్రీల కటకంతో అన్ని వైపులా చూడడమైనది. మొదట కుడివైపు సూది లోపలికి వచ్చినట్టు గుర్తించి, తీసి, తిరిగి అమర్చి, మళ్ళీ చూడడమైనది. ఇప్పుడు మూత్రసంచిలో గానీ మూత్రనాళంలో గానీ సూది, టేపు లేవు."

కింద సంతకం, తేదీ, సమయం ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై